పరీక్ష భయం క్లాసు: 1500 రూపాయలకు మాకు దొరికిందేంది

ముందే ఒక మాట చెప్తా. పిల్లకు మార్కులు పెరుగుతాయని ఈ క్లాసుకు పోదామనుకునేవాళ్లు ఆ 1500 దాచిపెట్టుకోండి, ట్యూషనుకన్నా పనికొస్తాయి. పరీక్ష అనేసరికి కడుపు పట్టుకుని మూల కూర్చునే పిల్ల మీ ఇంట్లో ఉంటే మాత్రం చదవండి. కొంచెం పొడుగే రాస్తాండా. పోకముందు నేను ఎంత వెతికినా దీని గురించి నాలుగు ముక్కలు రాసినోళ్లు ఒక్కరూ దొరకలేదు.

మాది కర్నూలు పాతబస్తీ, కొండారెడ్డి బురుజుకు దగ్గర. ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతా. మా ఆయన లారీ మీద పోతే వారం పది రోజులకు గానీ ఇంటి మొహం చూడడు. ఇంట్లో నేను, మా అత్త, మా పాప. పాప ఐదో తరగతి. చదువులో మంచిదే. మూడో తరగతి దాకా పరీక్ష రోజు కూడా మామూలు రోజే దానికి. నాలుగులో మొదలైంది. ఎఫ్‌ఏ పరీక్షలని బడిలో చెప్పిన మర్నాటి నుంచీ పొద్దున్నే కడుపు నొప్పి. బొడ్డు చుట్టూ మెలిపెడతాందంటుంది, నాలుగుసార్లు బాత్రూముకు పోతుంది, తిన్న ఇడ్లీ బడి గేటు కాడికి పోయేసరికి బయటికొస్తుంది. ఆదివారం ఏ నొప్పీ ఉండదు.

మా అత్త వాము నీళ్లు తాగించింది, ఉప్పు మిరపకాయలతో దిష్టి తీసింది. నేను రెండుసార్లు డాక్టరుకు చూపించినా. మందులు రాసినారు, స్కానింగు కూడా అయింది, ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే నాకు ఇంకా కోపం వచ్చింది. ఏమీ లేకుండా నొప్పెట్లా వస్తుంది, బడి ఎగ్గొట్టడానికి నాటకాలు ఆడుతోందేమో అని రెండు దెబ్బలు కూడా వేసినా. దాచుకునేదేముంది. మూడోసారి పోయిన పిల్లల డాక్టరు మందు రాయకముందు ఒకే ఒక ప్రశ్న అడిగినాడు: "పరీక్షలు ఎప్పుడమ్మా?" ఈ క్లాసు సంగతి చెప్పింది ఆయనే.

దీనికి తోడు ఈ ఏడు నవోదయ ఒకటి. తెలియనివాళ్లకు చెప్తా. కేంద్రం నడిపే నవోదయ హాస్టలు బడిలో ఆరులో సీటు కోసం ఐదో తరగతి పిల్లలు రాసే పరీక్ష అది. మా జిల్లాకు బనవాసిలో ఉంది బడి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. మెంటల్ ఎబిలిటీ 40 ప్రశ్నలు, లెక్కలు 20, భాష 20. బడిలో సీట్లు ఎక్కువలో ఎక్కువ 80. అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే పోతాయి. మాలాంటి టౌనోళ్లకు మిగిలేది లెక్కేసుకోండి. పదేళ్ల పిల్ల పెన్నుతో ఓఎంఆర్ అనే జవాబుల కాగితం మీద గుండ్రాలు దిద్దాల. దానికి కోచింగు, కోచింగులో ప్రతి శనివారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకులు. ఆ కోచింగు పేరు నేను చెప్పను. ఆ గోడ ముందు నిలబడి పిల్లలు వేలితో పేరు వెతుక్కోవడం ఒకసారి చూసినా. మా పాప కింది నుంచి వెతుక్కుంటా ఉండాది.

ఇంక క్లాసు సంగతి. సి.క్యాంపు రైతుబజారు నుంచి నడిచిపోయే దూరంలో ఒక మేడ మీది హాలు. ఇంతకుముందు ఒక బడిలో కౌన్సిలరుగా పనిచేసిన మేడమ్ నడుపుతారు. నాలుగు ఆదివారాలు, పొద్దున 10 నుంచి 12. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు మాత్రమే. మా బ్యాచిలో 11 మంది. మొదటి అరగంట, చివరి అరగంట తల్లిదండ్రులు కూడా కూర్చోవాల. మధ్యలో గంట మనం బయట. నేను ఆ గంటలో ఉల్లిగడ్డలూ టమోటాలూ తెచ్చుకునేదాన్ని. ఒక తండ్రి నాలుగు వారాలూ మెట్ల మీదనే కూర్చుని ఫోన్లో క్రికెట్ చూసినాడు.

మొదటి ఆదివారమే నాకు ఈ 1500 వసూలయింది. అదే కొంచెం వివరంగా చెప్తా.

పిల్లలను ఒక్కొక్కరినీ పెద్ద చార్టు కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ స్కెచ్చు పెన్నుతో గీత గీసినారు. అచ్చం మేం కటింగుకు మార్కింగు వేసినట్టే. "పరీక్ష కాగితం చేతికిచ్చేటప్పుడు మీకు ఎక్కడెక్కడ ఏమేం అవుతుందో అక్కడ రంగు వేయండి" అన్నారు మేడమ్. ఒక పిల్లోడు రెండు అరచేతులకూ నీలం పూసినాడు, చెమట అంట. ఇంకొకడు గొంతు మొత్తం నలుపు. మా పాప కడుపుకు ఎరుపు వేసింది, అది నాకు తెలిసిందే. తర్వాత రెండు చెవులకూ ఎరుపు వేసింది.

"చెవులకేమయిందిరా?" అని మేడమ్ అడిగినారు.

"మిషను ఆగిపోతుంది మేడమ్" అంది.

అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మాకు సాయంత్రం పూట అదొక అలవాటు. నేను కుడతా ఉంటా, అది పక్కన స్టూలు మీద కూర్చుని ఎక్కాలూ పాఠాలూ అప్పచెప్తుంది. నేను తిట్టను, కొట్టను, తలెత్తి చూడను కూడా. కానీ తప్పు చెప్పినప్పుడు నా కాలు దానంతట అది మోటారు పెడలు మీద నుంచి లేస్తుంది. గడగడమని ఆడే మిషను టక్కున ఆగుతుంది. నేను ఆపుతున్నానని నాకే తెలియదు. అది మాత్రం మూడేళ్లుగా వింటా ఉండాది. "మిషను ఆడుతాంటే కరెక్టు, ఆగితే తప్పు" అని మేడమ్‌కు చెప్పింది, లెక్కల సూత్రం చెప్పినట్టు. పరీక్ష హాల్లో మిషను ఉండదు కదా, అంతా నిశ్శబ్దమే. అంటే దాని చెవులకు అక్కడ మొదటి నుంచీ చివరి దాకా తప్పే.

నేను ఆ రోజు ఉల్లిగడ్డలకు పోలేదు.

తర్వాత మేడమ్ పిల్లలకు శరీరం సంగతి చెప్పిన తీరు బాగుంది. "సందులో కుక్క వెంటబడితే ఏం చేస్తారు?" అని అడిగినారు. మా ఊరి పిల్లలకు అది కొత్తగా ఊహించుకోవాల్సిన విషయం కాదు, అందరూ ఒక్కసారే మొదలుపెట్టినారు. పరుగెత్తడానికి గుండె గబగబా కొట్టుకుంటుంది, రక్తం కాళ్లకూ చేతులకూ ఎక్కువ పోతుంది, ఆ కాసేపు కడుపు తన పని పక్కన పెడుతుంది, అందుకే కడుపులో తిప్పుతుంది. ఒంట్లో అడ్రినలిన్ అనే రసం చేసే పని అది. మెదడుకు కుక్కకూ ప్రశ్నపత్రానికీ తేడా తెలియక అదే గంట కొడుతుంది, అంతే. "నొప్పి అబద్ధం కాదు, నిజంగానే వస్తుంది. రోగం మాత్రం కాదు" అన్నారు. ఈ ముక్క నేను ఇంటికొచ్చి మా అత్తకు చెప్తే, "అయితే నువ్వు కొట్టిన దెబ్బలు ఊరికే పోయినాయన్నమాట" అంది. ఇన్నాళ్లకు నన్నొక మాట అనడానికి దొరికింది ఆమెకు.

రెండో వారం ఊపిరి. పిల్లలకు ముక్కుతో పీల్చు, నోటితో వదులు అంటే ఎక్కదు. మేడమ్ బజ్జీతో చెప్పినారు. ఉగ్గాని పక్కన వేడి వేడి మిరపకాయ బజ్జీ పెట్టినారనుకో. నాలుగు లెక్కపెట్టేదాకా వాసన పీల్చు. ఇప్పుడు ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా ఊది చల్లార్చు, గట్టిగా ఊదితే కారం కళ్లలో పడుతుంది. బయటికి వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుందంట, అందుకే నాలుగుకు ఆరు. తర్వాత పిడికిలిలో నిమ్మకాయ ఉందనుకుని గట్టిగా పిండి, ఒక్కసారి వదిలేయడం. ఒళ్లు బిగబట్టి వదిలే ఈ పద్ధతి దాదాపు వందేళ్ల కిందట ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా డాక్టరు పెట్టిందని చెప్పినారు. దీనికి ఒక స్పాంజి బంతి ఇచ్చినారు, అది కిట్టులో భాగం. రెండు రోజులకే పక్కింటి పిల్లోడు దాన్ని క్రికెట్ ఆడి పోగొట్టినాడు. ఇప్పుడు మా పాపకు నేను మిగిలిన లైనింగు గుడ్డలు కుక్కి ఒకటి కుట్టిచ్చినా, అదే బాగుంది. కిట్టుకు లెక్కగట్టిన డబ్బులు తగ్గిస్తే బాగుండు.

నాకు కుదరనిది ఒకటుంది. పరీక్షకు ముందు పది నిమిషాలు కూర్చుని మనసులో ఉన్న భయాలన్నీ కాగితం మీద రాసేస్తే మేలని, 2011లో రామిరెజ్, బైలాక్ అనే ఇద్దరు ఈ సంగతి 'సైన్స్' పత్రికలో రాసినారని మేడమ్ చెప్పినారు. తలను పలక అనుకుంటే, భయం సగం పలక నింపేస్తుంది, లెక్క చేయడానికి చోటు ఉండదు, అందుకే ముందే ఆ భయాన్ని బయట పెట్టేయాల, ఇదీ లెక్క. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ పరిశోధన చేసింది తొమ్మిదో తరగతి పిల్లలతో, కాలేజీ పిల్లలతో అని మేడమే ఒప్పుకున్నారు. మా పాప కాగితం ముందు పెట్టుకుని రెండు నిమిషాలకు నా దగ్గరికొచ్చి, "మా, స్పెల్లింగు తప్పు పోతే ఎట్లా?" అంది. రాయడం రాక కాదు, ఏది రాసినా దిద్దుతారని దానికి అలవాటయింది. మేడమ్ వెంటనే రాయొద్దు, బొమ్మ వేయమన్నారు. అదీ అంతంతమాత్రమే. మా ఇంట్లో ఈ పని జడ వేసేటప్పుడు జరుగుతుంది. వాళ్ల జేజి, అంటే మా అత్త, చిక్కు తీస్తా ఉంటే ఇది తల వంచుకుని అన్నీ చెప్పేస్తుంది. మొహం కనపడదు కదా, అందుకని నోరు లేస్తుందనుకుంటా.

మూడో ఆదివారం గురించి ఫిర్యాదు రాయాల. క్లాసు రద్దు చేసినారు, పొద్దున 9కి వాట్సాప్‌లో పెట్టినారు. పెళ్లిళ్ల కాలం, నాకు రాత్రి 2 దాకా మిషను మీదనే సరిపోయింది, లేచి ఫోను చూసుకోకుండా ఆటో ఎక్కి వచ్చేసినా. తాళం కప్పకు దండం పెట్టి తిరిగి పోయినాం. నాతోపాటు ఇంకా ముగ్గురు. భయపడే పిల్లలకు అనుకున్నది అనుకున్నట్టు జరగాలని చెప్పేవాళ్లే ఇట్లా చేస్తే ఎట్లా? మర్నాడు ఫోను చేసి సారీ చెప్పినారు, ఆ క్లాసు తర్వాతి వారం పెట్టినారు, సరే. ముందురోజు రాత్రికన్నా చెప్పాల్సింది. అదే వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున సూర్యుడి బొమ్మల మీద మంచి మాటలు మాత్రం టైముకు వస్తాయి.

ఆ మూడో క్లాసు మాత్రం నవోదయ రాసే పిల్లలకు బంగారం. హాలును పరీక్ష హాలు చేసినారు. దూరం దూరం బెంచీలు, తెలియని సారొకాయన, గంట, గోడ గడియారం, ఓఎంఆర్ కాగితం. పిల్లలను భయపడనిచ్చినారు, భయం వచ్చినాక బజ్జీ ఊదించినారు, మళ్లీ రాయించినారు. కోచింగులోనూ ఇదే పరీక్ష పెడతారు, కానీ అక్కడ చూసేది మార్కులు. ఇక్కడ పేపరు దిద్దనే లేదు. "ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయినావు, ఆగిపోయినప్పుడు ఏం అనుకున్నావు?" అని అడిగినారు, అంతే. మా పాప పదకొండో లెక్క దగ్గర ఏడు నిమిషాలు కూర్చుందంట. "ఇది రాకపోతే ఇంకేమీ రాదు" అనుకుందంట. దాన్ని "ఇది రాలేదు, పన్నెండు చూద్దాం" అని మార్చి చెప్పించినారు. నవోదయలో తప్పుకు మార్కులు కోసుకోరు కాబట్టి రానివి వదిలేసి ముందుకు పోయి, చివర్లో వచ్చి ఏదో ఒకటి దిద్దొచ్చని కూడా చెప్పినారు. కోచింగులో ఇది చెప్పలేదా అని అడిగినా. చెప్పినారంట, కానీ అరిచి చెప్పినారంట.

నాలుగో వారం ఎక్కువసేపు మాకే, అంటే తల్లిదండ్రులకే. ప్రొజెక్టరు పెట్టి ఒక ఇంగ్లీషు కార్టూను చూపించినారు, అందులో పిల్లలకూ మాకూ పదోవంతు కూడా అర్థం కాలేదు, పావుగంట దండగ. చేతికిచ్చిన పుస్తకంలోనూ బొమ్మలన్నీ మంచులో ఆడుకునే దొరల పిల్లలు. మన బడి, మన బెంచీ, గంట కొట్టే ఆయమ్మ, వీటితో బొమ్మలు వేయించడానికి ఎంతవుతుంది?

కార్టూను అయినాక మేడమ్ బోర్డు మీద కొండలాంటి గీత ఒకటి గీసినారు. భయం అసలే లేకపోతే పిల్ల చదవదు, కొంచెం ఉంటే బాగా చేస్తుంది, ఎక్కువైతే చేసేదీ పోతుంది. 1908 నాటి సంగతంట, యెర్కీస్, డాడ్‌సన్ అని ఇద్దరు కనిపెట్టినారు. మిగతావాళ్లు రాసుకుంటా ఉంటే నాకు నవ్వొచ్చింది. మా మిషనుకు పైదారం పోయే దారిలో రెండు చిన్న బిళ్లలు, ఒక స్ప్రింగు, ఒక మర ఉంటాయి. దాని పేరే టెన్షను. మెకానిక్కు కూడా అట్లనే అంటాడు, "అక్కా, టెన్షను ఎక్కువ పెట్టినావు" అని. మర వదులైతే కుట్టు కింద దారం గుత్తులు గుత్తులుగా పోగుపడుతుంది. బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది, ఇంకా బిగిస్తే దారం టప్పున తెగుతుంది. పట్టుకొకటి, కాటన్‌కొకటి, జార్జెట్టుకు ఇంకోటి. గుడ్డ మార్చిన ప్రతిసారీ పక్కన ముక్క గుడ్డ మీద రెండు కుట్లు వేసి చూసుకుంటా. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే. పాప విషయంలో మాత్రం పట్టుకు పెట్టాల్సింది జీన్సుకు పెట్టినట్టు పెట్టినా. లేచి ఇది చెప్తే మేడమ్‌కు అంత బాగా ఎక్కింది, ఇంక ప్రతి బ్యాచిలోనూ చెప్తానన్నారు. ఫీజులో ఒక వంద తగ్గించమంటే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

మేడమ్‌లో నాకు నచ్చింది, తనది కానిదాన్ని తనదనకపోవడం. మా బ్యాచిలో ఒక పిల్లోడికి రాత్రుళ్లు నిద్రే లేదంట, నెల రోజులుగా బడికే పోలేదంట. వాళ్లమ్మను పక్కకు పిలిచి, "ఇది నా క్లాసుతో పోయేది కాదు తల్లీ, పెద్దాసుపత్రిలో మానసిక విభాగానికి తీసుకుపో" అని, కట్టిన డబ్బులు తిరిగిచ్చేసినారు. వాళ్లను గాభరా పడొద్దని, అంతలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోను చేయమన్నారు. టెలీమానస్ అది, 2022లో కేంద్రం పెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎవరు పోవచ్చు, ఎవరు పోకూడదు అంటే నా లెక్క ఇది. పరీక్ష రోజుల్లోనే నొప్పులూ వాంతులూ వచ్చే పిల్లలైతే పోండి. చదవక భయపడే పిల్లలకు ఇది పనికిరాదు, చదివించండి. ఒకటీ రెండూ తరగతుల వాళ్లను తీసుకోరు. తల్లో తండ్రో కూర్చోలేకపోతే, పిల్లను దింపేసి పోదామంటే, మీకు సగం కూడా దక్కదు. మెట్లు నిటారు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, పెద్దవాళ్లను పంపొద్దు. మా అత్త ఒకసారి ఎక్కి దిగేటప్పుడు అందరి దేవుళ్లనూ పిలిచింది. బళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. అయిదుకు మూడున్నర ఇస్తా. టైము చెప్పి టైముకు తెరిస్తే నాలుగు, కార్టూను తీసేస్తే ఇంకో పావు.

నొప్పి పోయిందా అని అడుగుతారు. పోలేదు. నవోదయ జనవరిలో రాసింది. ఆ పొద్దున కూడా వచ్చింది. కానీ రెండు ఇడ్లీలు తింది, తిన్నవి లోపలే ఉన్నాయి. హాలు గేటు కాడ నా చెయ్యి వదిలేటప్పుడు పిడికిలిలో గుడ్డ బంతి ఉండాది, లోపలికి తేనియ్యరని నా చేతిలో పెట్టి పోయింది. ఒంటిగంటన్నరకు బయటికొచ్చి, "వేళ్లు వణికినాయి మా, రెండు బజ్జీలు ఊదినా" అంది. మూడు లెక్కలు రాకపోతే ఊరికే దిద్ది వచ్చిందంట. ఫలితం ఇంకా రాలేదు.

మొన్న సాయంత్రం పదిహేడో ఎక్కం చెప్తా ఉండాది. "పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు" అంది. నా కాలు లేవబోయింది. పళ్లు బిగబట్టి పెడలు మీద నుంచి తీయలే, మిషను ఆడిస్తానే ఉన్నా. అది కూడా ఆపలే, తొమ్మిదులకు పోయింది, మళ్లీ తనంతట తనే వెనక్కొచ్చి, "కాదు కాదు, నూట ముప్పై ఆరు" అంది. నేను ఇట్లా దాని ఎక్కాలు వింటా కుట్టిన జాకెట్టుకు ఎడమ చెయ్యి తీసుకుపోయి కుడి పక్క తగిలించినానని తర్వాత చూసుకున్నా. పార్టీ పొద్దున్నే వస్తానన్నారు. రాత్రి పదకొండు దాకా అది పక్కన లైటు పట్టుకుని కూర్చుంటే ఆ కుట్లు విప్పినా.